కొసరుగా పోయిన ఆటగాడు

మా గరాజ్‌లో నీళ్ల హీటరు పక్కన గోడకి ఒక చెక్క ఫలకం వేలాడుతూ ఉంటుంది. క్రీడా విభాగంలో ఆ ఏటి ఉత్తమ బ్రేకింగ్ న్యూస్ అని దాని మీద ఇంగ్లీషులో చెక్కి ఉంది. రిటైరై కాపెల్ అనే ఈ ఊరికి మారినప్పుడు దాన్ని హాల్లో పెడదామా అని అడిగాను. మా ఆవిడ వద్దంది. నేనూ రెండోసారి అడగలేదు.

ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వచ్చే తెలుగు కాలేజీ పిల్లల్లో ఇద్దరు జర్నలిజం చదువుతున్నారు. గరాజ్‌లో చెప్పులు విడుస్తూ ఆ ఫలకం చూసి, "అంకుల్, ఆ స్టోరీ ఏంటి? సోర్స్ ఎవరు?" అని అడుగుతారు. సోర్స్ పేరు చెప్పకూడదమ్మా అని నవ్వేసి లోపలికి పిలుస్తాను. వాళ్లు నన్ను గౌరవంగా చూస్తారు. ఆ చూపు నాకిక భరించరానిదైంది కాబట్టి రాస్తున్నాను.

తెలుగు దినపత్రికలో పదహారేళ్లు రాజకీయాలు రాశాను. నేను ఎక్కువగా వాడిన మాట 'విశ్వసనీయ వర్గాల సమాచారం ప్రకారం'. ఆ వర్గాలు సాధారణంగా సచివాలయం క్యాంటీన్‌లో సమోసా తింటూ కనిపించేవి. ఎవరికి మంత్రి పదవి పోతుందో వంటవాడికి ముందు తెలిసేది, మాకు తరవాత, పదవి పోయేవాడికి అందరికన్నా చివర. ఆ తరవాత మా ఆవిడకి అమెరికాలో ఆసుపత్రి ఉద్యోగం వచ్చింది. ఆమె వెనక నేనూ వచ్చాను. ఒక మధ్య రకం నగరంలో, ఒక మధ్య రకం ఇంగ్లీషు పత్రికలో, ఇతరులు రాసిన కాపీ దిద్దే పని దొరికింది. ఊరి పేరు చెప్పను. జట్టు పేరు అంతకన్నా చెప్పను.

స్మార్ట్‌ఫోన్లు కొత్తగా చేతుల్లోకి వస్తున్న రోజులు. పత్రికల్లో మనుషులు తగ్గిపోతున్న రోజులు కూడా అవే. మా పత్రికలో ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టు వార్తలు రాసే విలేఖరి మంచి జీతానికి వేరే చోటికి వెళ్లిపోయాడు. స్పోర్ట్స్ ఎడిటర్, ముప్ఫయ్యేళ్లుగా అదే కుర్చీలో కూర్చున్న పెద్దావిడ, నన్ను పిలిచింది.

"నువ్వు ఇండియాలో పాలిటిక్స్ రాశావు కదా?"

"రాశాను. కానీ నాకు బాస్కెట్‌బాల్ రాదు."

"ఫరవాలేదు. అదే పని. మనుషులు కొంచెం పొడుగ్గా ఉంటారు, అంతే."

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. నేను వెళ్లేసరికి జట్టులో అసమ్మతి రగులుతోంది. ఒక కీలకమైన మ్యాచ్‌లో స్టార్ ఆటగాణ్ణి కోచ్ చివరి పన్నెండు నిమిషాలూ బెంచీ మీద కూర్చోబెట్టాడు. స్టార్ మర్నాడు ప్రాక్టీసుకి నల్ల కళ్లద్దాలతో వచ్చాడు. సగం మంది కోచ్ వైపు, సగం మంది స్టార్ వైపు. పార్కింగ్ స్థలాల వ్యాపారంలో సంపాదించి జట్టు కొనుక్కున్న యజమాని ఎటు గెలిస్తే అటు. జనరల్ మేనేజర్ అనే పెద్దమనిషి జట్టులోకి ఎవరు రావాలో, ఎవరు పోవాలో నిర్ణయిస్తాడు. ఆయన మైకుల ముందుకొచ్చి, "కోచ్ మీద మాకు పరిపూర్ణ విశ్వాసం ఉంది" అన్నాడు. అది వినగానే నాకు సొంత ఊరికి వచ్చినట్టయింది. నాయకత్వ మార్పు లేదని అధిష్ఠానం ప్రకటించిన ప్రతిసారీ మార్పు ఎప్పుడని మేము క్యాలెండర్ చూసుకునేవాళ్లం.

జట్టులో పదిహేను మంది. ఆడేది తొమ్మిది పది మంది. మిగిలినవాళ్లు ఖరీదైన కుర్చీల్లో కూర్చుని తువ్వాళ్లు ఊపుతారు. వాళ్లలో ఒకణ్ణి నేను పదమూడో మనిషి అని పిలుస్తాను. ఆరడుగుల తొమ్మిదంగుళాలు. ఏడేళ్లలో అతనికి ఇది ఆరో ఊరు. ఎక్కడా ఇల్లు కొనలేదు. ఇక్కడికి వచ్చాక కోచ్ అతన్ని పిలిచి, "నువ్వు బెంచీ మీద ఉంటే కుర్రాళ్లు బుద్ధిగా ఉంటారు, ఇక్కడే రిటైర్ అవుదువు గాని" అన్నాడట. ఆ మాట నమ్మి ఊరి చివర కొత్త కాలనీలో ఇల్లు కొన్నాడు.

నాకు ఆట నేర్పినవాడు అతనే. స్టార్ నన్ను పూలకుండీలా చూసేవాడు. పదమూడో మనిషి మాత్రం ప్రాక్టీసు అయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరు ఎవరికి అడ్డు నిలబడ్డారో, అది తప్పెందుకయిందో నీళ్ల సీసాల మూతలు నేల మీద పేర్చి చూపించేవాడు. నా వార్తల్లో తెలివిగా కనిపించిన ప్రతి ముక్కా ఆ మూతల్లోంచి వచ్చిందే.

అతని పక్కిల్లు మా వాళ్లదే. కరీంనగర్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, నన్ను అన్నా అని పిలుస్తాడు. వీళ్లమ్మాయికీ, వాళ్లమ్మాయికీ ఎనిమిదేళ్లే. పదమూడో మనిషి కూతురికి అది నాలుగో స్కూలు. మొదటిసారి దొరికిన స్నేహితురాలు మన తెలుగు పిల్ల. ఇద్దరూ గేటు చుట్టూ తిరిగి వెళ్లలేకపోతున్నారని, రెండిళ్ల మధ్య చెక్క కంచెలో రెండు పలకలు పీకేశారు తండ్రులిద్దరూ. కంచె అందం చెడిందని కాలనీ సంఘం నుంచి నోటీసు వచ్చింది. దాన్ని మా ఇంజినీరు ఫ్రిజ్ మీద అంటించి వచ్చిన వాళ్లందరికీ చూపించేవాడు.

"చూడన్నా, ఎన్‌బీఏ ప్లేయర్‌కీ నాకూ కలిపి ఒకటే నోటీస్! నీకు రాలే గదా ఇట్లాంటిది?"

వాళ్లమ్మాయి పదమూడో మనిషిని 'టాల్ అంకుల్' అనేది. ఆయన ఆ సందులోంచి దూరలేక కంచె మీద నుంచే చెయ్యి చాపి జంతికలు తీసుకునేవాడు.

ఇక వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. ఫిబ్రవరిలో ఒక గురువారం మధ్యాహ్నంతో ఆటగాళ్లను మార్చుకునే గడువు ముగుస్తుంది. దానికి ముందు వారం విలేఖరులకి పెళ్లివారిల్లు. రెండు జట్లు మనుషుల్ని మార్చుకోవాలంటే ఇటు జీతాలూ అటు జీతాలూ సుమారుగా సరితూగాలన్నది నియమం. తూగకపోతే చిన్న జీతం ఆటగాణ్ణి ఒకణ్ణి కలిపి తక్కెడ సరిచేస్తారు. కూరలమ్మి చివర్లో గుప్పెడు పచ్చిమిరపకాయలు సంచిలో పడేస్తుంది కదా, అలాగ. మనం కొసరు అంటాం. కొసరుగా వెళ్లేవాడి అభిప్రాయం ఎవరూ అడగరు.

వార్తలకీ అదే పద్ధతి. మా జట్టు అసిస్టెంట్ కోచ్ ప్రతి మంగళవారం ఉదయం ఒక డోనట్ దుకాణంలో నాకు దొరికేవాడు. ఆయన దగ్గర ఒక కబురు కావాలంటే మనం ఒక కబురు పట్టుకెళ్లాలి. వట్టి చేతులతో వెళితే కాఫీ తాగి, వాతావరణం గురించి మాట్లాడి లేచిపోతాడు. ఆయన చెడ్డవాడు కాడు. కబుర్లతోనే బతుకుతున్న మనిషి, అంతే. పెద్ద కోచ్ ఉద్యోగం పోతే అది తనకి వస్తుందేమోనన్న ఆశ ఆయన డోనట్ తినే తీరులో కూడా తెలిసేది.

ఆ సోమవారం ప్రాక్టీసు చూడటానికి వెళ్లాను. ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గదిలో ఒక్కొక్కరికీ తలుపుల్లేని చెక్క అల్మరా ఉంటుంది. పదమూడో మనిషి అల్మరా ఖాళీగా ఉంది. బూట్లు లేవు, కూతురు గీసిన బొమ్మ లేదు. పక్కన నిలబడ్డ ఎవరినైనా ఏమైందని అడిగితే అర నిమిషంలో తెలిసేది. అడగలేదు. అడిగితే నాకు తెలియదని తెలిసిపోతుంది. విలేఖరికి అంతకన్నా అవమానం లేదని ఆ రోజుల్లో నా నమ్మకం.

మంగళవారం డోనట్ దుకాణానికి వెళ్లాను. కోచ్‌ని తీసేస్తున్నారా లేదా అన్న ఒక్క ముక్క కోసం మా ఎడిటర్ రెండు వారాలుగా నన్ను వేపుకు తింటోంది. నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. అసిస్టెంట్ కోచ్ కాఫీలో పంచదార కలుపుతూ, "ఏం వింటున్నావు?" అన్నాడు. అది వాళ్ల నమస్కారం.

నేను కుర్చీలో వెనక్కి వాలి, సచివాలయం క్యాంటీన్‌లో నేర్చుకున్న గొంతుతో అన్నాను. "స్టార్‌ని ఆ మంచు ఊరి జట్టుకి పంపే మాట నడుస్తోందటగా? కొసరుగా పదమూడో మనిషిని కలుపుతున్నారని విన్నాను."

స్టార్ ఉత్తరాన మంచు కురిసే ఒక ఊరి జట్టుకి వెళ్తాడని, దాని పేరూ చెప్పను, ఊరంతా అనుకుంటున్నదే. దాన్ని ఒక్కదాన్నే పట్టుకెళితే వార్త కాదు. అందుకని బరువు సరిపోవడానికి, ఆ ఖాళీ అల్మరా గుర్తొచ్చి, ఇంకో పేరు కలిపాను. అందరిలోకీ చిన్న పేరు, ఎవరికీ నష్టం లేదనుకున్న పేరు.

ఆయన కనుబొమలు లేచాయి. "ఎవరు చెప్పారు?"

"తెలుసు కదా, చెప్పకూడదు."

ఆయన ముందుకు వంగి, కోచ్‌కి గడువు దాటాక పది రోజులకి మించి ఉద్యోగం ఉండదని చెప్పాడు. బేరం కుదిరింది. నేను ఆనందంగా కారెక్కాను.

మధ్యాహ్నానికి రెండు ఫోన్లతో తిరిగే ఒక వెబ్‌సైట్ కుర్రాడు వార్త పెట్టేశాడు. స్టార్‌తో పాటు పదమూడో మనిషి మంచు ఊరికి వెళ్తున్నట్టు 'లీగ్ వర్గాల' ద్వారా తెలిసిందట. మా ఎడిటర్ నా బల్ల దగ్గరికి నడిచి వచ్చింది. ఆవిడ నడిచి రావడం మంచి శకునం కాదు.

"ఇది మనకెందుకు లేదు?"

"కనుక్కుంటాను."

అసిస్టెంట్ కోచ్‌కి ఫోన్ చేశాను.

"నువ్వు పొద్దున్న అన్నది నిజమేనయ్యా," అన్నాడు. "నాకు ఇంకో వైపు నుంచి కూడా వచ్చింది."

"ఏ వైపు నుంచి?"

"ఆ వెబ్‌సైట్ కుర్రాడు చెప్పాడు."

"అతనికెవరు చెప్పారు?"

"అది నేను చెప్పకూడదు," అన్నాడు చాలా హుందాగా.

మంచు ఊరి పత్రికలో నాకు తెలిసిన విలేఖరి ఒకడున్నాడు. అతనికి చేశాను. "ఇక్కడంతా అదే మాట," అన్నాడు. ఎక్కడ విన్నావంటే, "మీ ఊరి నుంచే వచ్చింది, మీకు తెలియకుండా ఉంటుందా?" అని నన్నే మెచ్చుకున్నాడు.

ఫోన్ పెట్టేశాను. నాకు తెలియదని ఇప్పుడు బొంకను. పూర్తిగా కాకపోయినా, ముప్పావు వంతు తెలిసింది. నేను పొద్దున్న విసిరిన బంతి ఊరు చుట్టి నా ఒళ్లోనే పడింది.

ఎడిటర్ వచ్చింది. మా పత్రికలో రెండు సోర్సులు లేనిదే ఇలాంటి వార్త వెయ్యరు. ఆ నియమం ఆవిడే పెట్టింది.

"ఎన్ని సోర్సులు?"

"రెండు."

"ఒకరితో ఒకరికి సంబంధం ఉందా?"

"వాళ్లిద్దరికీ ముఖపరిచయం కూడా లేదు," అన్నాను.

అది నిజం. ఆ రోజు నేను చెప్పిన ఒకే ఒక నిజం, దాంతోటే ఆవిణ్ణి మోసం చేశాను. వార్త బుధవారం మొదటి పేజీలో, నా పేరుతో వచ్చింది.

పొద్దున్న ఏడింటికి మా ఇంజినీరు ఫోన్ చేశాడు.

"అన్నా, ఇది నిజమేనా? పక్కింటి మేడమ్ మా కిచెన్‌ల కూసోని ఏడుస్తున్నది. మా వైఫ్ నిన్ను అడగమంటున్నది."

"పేపర్లో వచ్చింది కదా తమ్ముడూ."

"నువ్వు రాస్తెనే గదన్నా పేపర్ల వచ్చింది!"

"నేను కాదు, సోర్సులు చెప్పాయి."

"ఏ సోర్సులో ఏమో, నీకు తెలిసినోళ్లే గదా. జర ఫోన్ చేసి ఈయన్ని వదిలేయమని చెప్పరాదూ? గా స్టార్‌ని ఎక్కడికైనా తోలుకోమను. ఈయన పోతే వాళ్లకేం వస్తది?"

చూస్తానన్నాను. అప్పటికీ నా చేతిలో ఒక రోజుంది. ఆ వార్త నా నోట్లోంచి పుట్టిందని ఎడిటర్‌తో చెబితే గురువారం పేపర్లో సవరణ పడేది, నా ఉద్యోగం ఊడేది. ఎవరూ నమ్మరులే, జనరల్ మేనేజర్ ఎలాగూ ఖండిస్తాడులే అనుకుని ఊరుకున్నాను.

ఆయన ఖండించలేదు. ఊహాగానాల మీద మాట్లాడేది లేదన్నాడు.

గురువారం గడువుకి ఇరవై నిమిషాల ముందు ప్రకటన వచ్చింది. స్టార్ మంచు ఊరికి వెళుతున్నాడు. బదులుగా ఇద్దరు వస్తున్నారు. మన వైపు నుంచి కొసరుగా పదమూడో మనిషి. మా ఆఫీసులో చప్పట్లు కొట్టారు. ఎడిటర్ నా బల్ల మీద కేకు ముక్క పెట్టింది. ముప్పావు వంతు తెలిసిన నాకు కూడా ఒక్క క్షణం అనిపించింది, నిజంగానే నాకు ముందు తెలుసేమోనని.

విలేఖరుల సమావేశం అయి మైకులు కట్టేశాక జనరల్ మేనేజర్ నా భుజం తట్టాడు.

"నీకు ఒక టై కొనిపెట్టాలి నేను."

"ఎందుకు?"

"వారం నుంచి ఈ బేరం జీతాల దగ్గర ఇరుక్కుపోయింది. ఎవర్ని కలపాలో తట్టలేదు. బుధవారం పొద్దున్న అవతలి వాళ్లే ఫోన్ చేసి, 'ఆ మనిషిని కలుపుతున్నారని చదివాం, అయితే మాకు సరే' అన్నారు. నీ సోర్స్ ఎవరో గాని, మాకన్నా తెలివైనవాడు."

పక్కన సామాన్లు సర్దే ముసలాయన నిలబడి ఉన్నాడు. సోమవారం ఆ అల్మరా ఎందుకు ఖాళీగా ఉందని అప్పుడడిగాను ఆయన్ని. "పైన గొట్టం కారుతోంది. సామానంతా పక్క గదిలో పెట్టాను. బొమ్మ తడుస్తుందని ఆయన ఒకటే కంగారు," అన్నాడు.

కోచ్ సంగతి చెప్పలేదు కదూ. పరిపూర్ణ విశ్వాసం తొమ్మిదో రోజున పూర్తయింది. అసిస్టెంట్ కోచ్‌కి ఆ కుర్చీ దక్కింది. మొదటి సమావేశంలోనే, జట్టు లోపలి మాటలు బయటికి పోవడం తను సహించనని హెచ్చరించాడు. నా వైపు చూడలేదు. మంగళవారాలు డోనట్లు కూడా మానేశాడు. తరవాతి ఏడాది యజమాని ఆయన మీద కూడా పరిపూర్ణ విశ్వాసం ప్రకటించాడు.

నేను చెప్పాల్సింది మాత్రం ఆ శనివారం గురించి. గడువు దాటిన రెండో రోజు. పదమూడో మనిషి ఇంటికి ఎందుకు వెళ్లానో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఒప్పుకోవడానికే అని దారంతా అనుకున్నాను.

వాళ్ల గరాజ్ నిండా అట్టపెట్టెలు. అతను అప్పటికే మంచు ఊరు వెళ్లి, సామాన్ల కోసం ఒక్క రోజు తిరిగి వచ్చాడు. పెరట్లో ఉన్నాడని అతని భార్య చెప్పింది. అంతకు మించి నాతో మాట్లాడలేదు. వెనక్కి వెళ్లి చూస్తే, ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి మోకాళ్ల మీద కూర్చుని కంచెకి పలకలు కొడుతున్నాడు. ఇల్లు అమ్మకానికి పెట్టాలంటే కంచె సరిగ్గా ఉండాలని ఏజెంటు చెప్పిందట. కంచె అవతల ఇద్దరు ఆడపిల్లలు గడ్డిలో కూర్చుని చూస్తున్నారు. ఏడవడం లేదు, ఆడటం లేదు.

"సరిగ్గా టైముకొచ్చావు," అని ఒక గుప్పెడు మేకులు నా చేతిలో పోశాడు. "ఒక్కొక్కటే అందించు."

ఒక పలక అయింది. రెండోది ఆనించి పట్టుకుని అన్నాడు. "నీకు థ్యాంక్స్ చెప్పాలనుకున్నాను."

నేను ఇంకో మేకు అందించాను.

"ఏడేళ్లలో ఐదు సార్లు నన్ను మార్చారు. ప్రతిసారీ టీవీలో చూసి తెలుసుకున్నాను. ఒకసారైతే విమానంలో. ఈసారి నీ వార్త వల్ల ఒక రోజు ముందు తెలిసింది. మా అమ్మాయికి స్కూల్లో ఎవరో చెప్పకముందే నేనే కూర్చోబెట్టి చెప్పగలిగాను." సుత్తి కింద పెట్టాడు. "ఒక్కటి అడగనా? నీకెవరు చెప్పారు? గొడవ పెట్టుకోవడానికి కాదు. కోచ్ ఇక్కడే ఉంటావన్నాడు. మేనేజర్ నా పేరు తను అనలేదంటున్నాడు. నా పేరు మొదట అన్నది ఎవరో తెలిస్తే నాకు నిద్ర పడుతుంది."

కంచె అవతల పిల్లలిద్దరూ తలెత్తి నన్నే చూస్తున్నారు. దారంతా కూడబలుక్కున్న వాక్యం గొంతు దాకా వచ్చింది.

"సోర్స్ పేరు చెప్పకూడదు," అన్నాను. "మా వృత్తి ధర్మం."

అతను ఒక క్షణం నా మొహంలోకి చూసి తల ఊపాడు. "నిజమే. నేను అడగకుండా ఉండాల్సింది. సారీ." మళ్లీ చెయ్యి చాపాడు, మేకు కోసం.

ఇచ్చాను. అవి అయిపోయేదాకా ఒక్కొక్కటే అందిస్తూనే ఉన్నాను. ఇంటికొచ్చి కారు దిగితే చొక్కా జేబులో ఒకటి మిగిలిపోయి ఉంది, ఇంత పొడుగుది, కంచెలకి కొట్టేది. ఆ ఏడాది చివర ఫలకం వచ్చినప్పుడు గోడకి కొట్టడానికి ఇంట్లో వేరే మేకు దొరకలేదు. ఇక్కడికి మారినప్పుడూ ఆ మేకే పీకి తెచ్చాను.

పిల్లలూ, వచ్చే ఆదివారం గరాజ్‌లో చెప్పులు విడిచేటప్పుడు ఫలకం మీది అక్షరాలు చదవకండి. అది దేనికి వేలాడుతోందో చూడండి. సోర్స్ ఎవరని మళ్లీ అడగండి. ఈసారి చెబుతాను.